నడినెత్తి మల్లెలు

పెన్‌పహాడ్,
జూన్ 1949.

బడి పంతులుగారికి సాలమ్మ తండ్రి దండాలు పెట్టి రాయించుకునేది.

నిన్న మా బిడ్డను బడిలో చేర్చుకోమని తీసుకొచ్చాను. కుడిచేయి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకోమన్నారు. అందలేదు. ఇంకా చిన్నది, వచ్చే ఏడు తీసుకురమ్మన్నారు. మీరన్నది న్యాయమే.

తప్పంతా మా అమ్మది. మా ఇంట్లో బడికి పోయే మొదటి మనిషి ఇదే. ఈ ఉత్తరం కూడా పక్కింటి యోహాను రాసిపెడుతున్నాడు. ఆ సంబరంలో అమ్మ దానికి నడినెత్తిన కొప్పు కట్టి, మూరెడు మల్లెలు చుట్టింది. ఇంటికొచ్చాక అడిగితే పిల్ల ఏమన్నదో వినండి: "పూలు నలిపితే తంతనని నాయినమ్మ అన్నది గద! అందుకే చెయ్యి మీదికెత్తి పట్టిన."

కొప్పు విప్పి చూశాం. చెవి అందడమే కాదు, మెలిపెట్టి మరీ చూపించింది.

ఏడాది ఆగమంటే ఆగేలా లేదు. పలక చంకలో పెట్టుకునే అన్నం తింటున్నది. రేపు మరొక్కసారి చూడండి. జుట్టు విరబోసే తెస్తాను. అమ్మ మాత్రం పూలతో బడి బయట నిలబడుతుందట. పేరు రాసుకోగానే ఆమెకొక కేక వేయండి.