డ్రైవర్నండి

ఫిబ్రవరి 6, శుక్రవారం

హారికకి అబద్ధం చెప్పాను. “రెండు రోజులు భీమవరంలో పనుందే, షాపు సరుకు సంగతి.” “మరి షాపు?” “లక్ష్మి చూసుకుంటుంది కదా.” సరే అంది. విశాఖలో హాస్టల్లో ఉన్న పిల్ల, అమ్మ ఎటు పోతే దానికేం పట్టింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వేసుంటే చెప్పేసేదాన్నా? ఏమో.

బ్యాగు సర్దడం. మా ఆయన పోయాక పెళ్ళికో చావుకో తప్ప పరాయి ఊళ్ళో పడుకున్నది లేదు. నీలం చీర పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

మూర్తి గారి మెసేజ్ — “పొద్దున ఆరింటికి, గోష్పాద క్షేత్రం దగ్గర.” ఇంటి ముందుకి కారు తేవద్దన్నది నేనే.

ఫిబ్రవరి 7, శనివారం. నరసాపురం, లాడ్జి

ఈ మనిషితో కారెక్కడం ఇదే మొదలు. వాళ్ళమ్మ మందుల చీటీ పట్టుకుని నా షాపుకి వచ్చేవారు. ఆవిడ పోయాక కూడా రావడం మానలేదు. దగ్గు బిళ్ళలు, దూది, ఏదో ఒకటి. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఉండేది మా కొవ్వూరే, పాఠాలు చెప్పేది వంతెన అవతల రాజమండ్రి కాలేజీలో. ఇన్ని దగ్గు బిళ్ళలు ఎవరు తింటున్నారండీ అని ఒకరోజు అడిగాను. “పిల్లలకి పంచుతున్నానండి” అన్నారు. అక్కడ మొదలైంది.

తణుకులో ఇడ్లీ. భీమవరం దాటాక దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులే. చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన బండి తోలే తీరు చూస్తూ కూర్చున్నాను. గేదె కనిపిస్తే అంత దూరం నుంచే నెమ్మదిస్తారు. హారన్ కొట్టరు. అదే రోడ్డు దాటే వరకూ ఆగుతారు.

పేరుపాలెం. సరుగుడు తోట దాటగానే సముద్రం. శనివారం కదా, జనం పల్చగా ఉన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. ఎండు రొయ్యలు అమ్మే ఆవిడ ఆయన్ని పట్టుకుంది — “అమ్మగారికి కొనిపెట్టండి బాబూ, కూరలో వేస్తే మళ్ళీ మళ్ళీ అడుగుతారు.” అమ్మగారంటే నేను. కొన్నారు. కారంతా ఒకటే వాసన.

“హారికకి ఎప్పుడు చెబుదామండీ?”
“పరీక్షలు అవనివ్వండి.”
“దసరా ముందూ పరీక్షలే అన్నారు.”

ఓ అల వచ్చి కుచ్చిళ్ళు తడిపేసింది. ఆ వంకన అటు తిరిగాను.

లాడ్జిలో ఆధార్ కార్డులు అడిగారు. ఇంటిపేర్లు వేరు. కౌంటర్లో అతను కార్డులు చూశాడు, మమ్మల్ని చూశాడు. అతను నోరు తెరిచేలోగా మూర్తి గారే “రెండు గదులండి” అన్నారు. పక్కపక్కవే. గోడ అవతల దగ్గుతున్నారు. నిజం దగ్గే. నవ్వొచ్చింది.

రేపు పంటు మీద గోదారి దాటి అంతర్వేది. తీర్థం అయిపోయింది, రద్దీ ఉండదంటున్నారు. ఆడపడుచు పద్మ వాళ్ళది అటే, మలికిపురం. ఆదివారం పూట ఇల్లు కదలరులే.

ఫిబ్రవరి 8, ఆదివారం. ఇంట్లో

వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

పంటు మీదికి కారు ఎక్కించాం. కార్లు, మోటార్ సైకిళ్ళు, గడ్డిమోపులు, జనం… అన్నీ ఆ బల్లకట్టు మీదే. నీళ్ళ మీద ఇంకా మంచు. దిగి ఒక పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఆయన వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడుతున్నారు.

“వదినా!”

పద్మ. వెనకాల మోటార్ సైకిల్ పట్టుకుని వాళ్ళాయన సత్యం గారు. నరసాపురంలో గృహప్రవేశమట, రాత్రి ఉండిపోయి ఇప్పుడు ఇంటికి వెళ్తున్నారట.

“ఏంటి వదినా ఇటొచ్చావు? చెప్పనేలేదు. ఒక్కదానివేనా?” అంటూనే పక్కకి చూసింది.

నోరు తెరిచాను.

“డ్రైవర్నండి” అన్నారు మూర్తి గారు. “మేడం గారు అంతర్వేది దర్శనానికి వెళ్తున్నారండి.” వేరుశనక్కాయల పొట్లం జేబులో పెట్టుకున్నారు. రెండడుగులు వెనక్కి జరిగారు.

కాదు అనొచ్చు. అవును అన్నట్టు తల ఊపాను.

“నాకు ఒక్క ఫోన్ చేస్తే నేనూ వచ్చేదాన్ని కదా!” పద్మ ఆగలేదు. సత్యం గారిని బండి మీద పొమ్మని పంపేసి, నాతో పాటు కారెక్కేసింది. ఇద్దరం వెనక సీట్లో. ముందు సీటు ఖాళీ. దారంతా వాళ్ళన్నయ్య కబుర్లే. చిన్నప్పుడు ఈ పంటు మీదే చెప్పు గోదాట్లో పడేసుకుని ఏడ్చాడట. నాకెప్పుడూ చెప్పలేదు ఆయన. మామూలు రోజైతే ఎంత నవ్వేదాన్నో. “డ్రైవరు గారూ, ఏసీ కాస్త తగ్గిస్తారా?” “అలాగేనండి.” అద్దంలోంచి నా వైపు ఒక్కసారైనా చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు.

గుడి దగ్గర ఆయన కారులోనే ఉండిపోయారు. లోపల అర్చనకి గోత్రం పద్మే చెప్పింది. వాళ్ళ పుట్టింటి గోత్రమే కదా నాదీ. స్వామిని సరిగ్గా చూశానో లేదో గుర్తు లేదు.

తిని వెళ్ళాల్సిందే అంది. అప్పటికే సత్యం గారు చెప్పినట్టున్నారు, ఇంట్లో వంట అవుతోంది. పద్మ అత్తగారు వంటింట్లోంచి — “ఆ డ్రైవరుక్కూడా కడుపునిండా పెట్టండే. బండి తోలాల్సినవాడు.” మాకు లోపల బల్ల మీద. ఆయనకి బయట అరుగు మీద, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో కంచం పెట్టుకుని. నేను కూర్చున్న చోటికి కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. పద్మ రెండుసార్లు వెళ్ళి కూర వేసొచ్చింది. ప్రేమగానే వేసింది. తప్పు పట్టడానికి లేదు.

సత్యం గారు చెయ్యి కడుక్కుని బయటికెళ్ళారు.

“ఏ ఊరయ్యా నీది?”
“కొవ్వూరండి.”
“ఎన్నాళ్ళయింది తోలబట్టి?”
“ఈ మధ్యనేనండి.”
“మా ఆవిడ చెప్పింది, నెమ్మదిగా తోలతావంట. అలాగే ఉండాలి.”
“సరేనండి.”

సత్యం గారికంటే ఈయన పదేళ్ళు పెద్ద. కాలేజీలో పిల్లలు ఈయన వస్తే లేచి నిలబడతారు. లేచి ఆ గుమ్మం దాకా వెళ్ళి ఒక్క మాట అంటే చాలు. చారు పోసుకున్నాను. వద్దన్నా పద్మ పెరుగు వేసింది. తిన్నాను.

వెళ్ళొస్తామని మళ్ళీ వెనక సీట్లోనే కూర్చున్నాను. గేటు దగ్గర అందరూ నిలబడి చేతులూపుతున్నారు.

ఊరు దాటాక బండి పక్కకి తీసి ఆపారు. ముందుకి రమ్మనలేదు. ఆపారంతే. నేనే దిగి ముందుకొచ్చాను.

“ఎందుకలా అన్నారు?”
“మీ మొహం చూశానండి.”

రాజోలు వచ్చింది. పోయింది.

“కోపం వచ్చిందా?”
“వంకాయ కూర బాగుంది.”

దారి పొడుగునా కొబ్బరి తోటలు. రావులపాలెం వంతెన మీద గేరు మారుస్తూ అన్నారు — “ఒకసారి కాబట్టి అనేశాను సుధ గారూ. ఇంకోసారి నా వల్ల కాదండి.” గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

దిగేటప్పుడు బ్యాగు అందించారు. “వస్తానండి.” అంతే.

ఫిబ్రవరి 9, సోమవారం

షాపు. “భీమవరం ఎలా ఉందండి?” అంది లక్ష్మి. బానే ఉందన్నాను. మెసేజ్ లేదు. నేనూ పెట్టలేదు. ఏమని పెట్టను?

పద్మ గురించి ఇంత భయం దేనికో. మా ఆయన పోయినప్పుడు నెల రోజులు నా పక్కనే పడుకున్న మనిషి. తిడుతుందని కాదు. వాళ్ళన్నయ్యని మర్చిపోయాననుకుంటుందని. మర్చిపోలేదు. ఇది వేరు, అది వేరు అంటే… ఎవరికైనా చెప్పే మాటేనా అది.

ఫిబ్రవరి 10, మంగళవారం

పద్మ ఫోన్. షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. లక్ష్మిని చూడమని వెనక గదిలోకి వెళ్ళాను.

“వదినా, ఆ డ్రైవరు గారి నెంబరు పంపవా? మా అత్తయ్యకి కంటి ఆపరేషను, రాజమండ్రి తీసుకెళ్ళాలి. ఆయనైతే నెమ్మదిగా తీసుకెళ్తాడని ఈవిడ ఒకటే గొడవ.”

ఇస్తానని పెట్టేయొచ్చు. ఎవరిదో నెంబరు ఇచ్చేయొచ్చు కూడా. ఆలోచించాను. ఆలోచించినందుకే సిగ్గేసింది.

“ఆయన డ్రైవరు కాదు పద్మా.”
“మరి?”
“మూర్తి గారని… కాలేజీలో లెక్చరరు. పెళ్ళి చేసుకుందాం అనుకుంటున్నాం.”

వాళ్ళింట్లో కుక్కర్ కూత వినిపించింది. కట్ చేసిందేమో అనుకున్నాను.

“అయ్యో వదినా… ఆయన్ని బయట కూర్చోబెట్టి పెట్టామే!”

నాకు ఏడుపొచ్చింది. దానికీ వచ్చినట్టుంది. ముక్కు చీదిన చప్పుడు. అంతలోనే గొంతు మారింది — “హారికకి తెలుసా?” “లేదు.” “అది నా నోటి నుంచి వినకూడదు వదినా. నువ్వే చెప్పు.” “చెప్తాను.” “ఎప్పుడు?”

రేపన్నాను. పెట్టేసింది. మంచి అనలేదు, చెడు అనలేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున్నే చేశాను, క్లాసులకి వెళ్ళకముందు.

“ఏంటమ్మా, ఇంత పొద్దున్నే?”

నేను భీమవరం పనిమీద వెళ్ళలేదే అని మొదలుపెట్టి అంతా చెప్పాను. పేరుపాలెం, రెండు గదులు, పంటు, అరుగు. మధ్యలో ఒక్కసారే అడిగింది. “మందులకి వచ్చే మూర్తి గారా?” “అవును.” చివర్న — “సరే అమ్మా. ల్యాబుంది. సాయంత్రం చేస్తాను.” గొంతులో ఏముందో పట్టుకోలేకపోయాను. నా కూతురి గొంతు నాకే తెలియలేదు.

అది ఏమంటుందో తెలిశాక మూర్తి గారికి చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాను. అలా ఆగితే ఇంకోసారి ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టినట్టే. మెసేజ్ పెట్టాను — “పద్మకి చెప్పాను. హారికకి చెప్పాను.”

“ఏమన్నారండి?”
“ఇంకా ఏమీ అనలేదు.”

చాలాసేపటికి — “సాయంత్రం రానా? షాపుకి?”

ఇంటికి రమ్మన్నాను. భోజనానికి.

ఏడయింది. షాపు లక్ష్మికి అప్పజెప్పి వచ్చేశాను. హారిక ఇంకా చెయ్యలేదు. ఇద్దరికి బియ్యం కడిగి పెట్టాను. వీధి తలుపు తీసే ఉంది.