ఆడించే సాధనం ఇక్కడ లేదు

2007

జనవరి 8, సోమవారం

మా అబ్బాయి జోజి అమ్మినవాటిలో ఇవాళ ఇంకొకటి తిరిగొచ్చింది. గుణదల కొండ కింద టైలరు. ఆటో దిగి, కంప్యూటరు డబ్బాను పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి కొట్లో బల్ల మీద పెట్టాడు.

"మీ అబ్బాయి మంచోడమ్మా, కాదన్ను. పోయినోణ్ణి అనకూడదు. కానీ ఇందులో పాట రాదు, సినిమా రాదు. అందరిళ్ళలో వచ్చేది మనింట్లో ఎందుకు రాదు నాన్నా అని పిల్లలు నన్ను తినేస్తన్నారు."

కొట్లో జోజి దగ్గర పని నేర్చుకున్న కరీముల్లా తీగలు పీకాడు. జోజి ఉంటే ఈ మనిషిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, అరగంట చెప్పి, డబ్బాతో సహా నవ్వుతూ పంపించేవాడు. ఆ విద్య కరీముల్లాకి రాదు. నాకూ రాదు.

తిరిగొచ్చినవి గోడవారగా పెడుతున్నాం. వరుస పెరుగుతోంది. నల్లటి అద్దాలు. తుడుస్తుంటే అన్నిట్లోనూ నేనే.

జనవరి 9

వాడు పోయి వచ్చే నెలకి ఏడాది. లేవగానే ముందు అదే గుర్తొస్తుంది. తర్వాతే కళ్ళు తెరుస్తాను.

జనవరి 11

ఏలూరు కాలువ గట్టున నడుస్తూ జోజి చెప్పాడు ఒకసారి. నేనే అడిగాను— అమ్మే కంప్యూటర్లలో ఎవరైనా విప్పి చూసుకోగలిగే ప్రోగ్రాములే వేస్తానని ఏంట్రా నీ పంతం, పాటలవి కూడా వేసిస్తే నీ సొమ్మేం పోయింది, అని.

"నీళ్ళు కృష్ణవి. చేను మనది. లాకు తలుపుల తాళం మాత్రం ఎక్కడో కూర్చున్న ఒకడి జేబులో. ఆ తలుపు ఎలా చేశారో చూడకూడదు. పాడైతే మనం బాగుచేసుకోకూడదు. పక్కవాడికి ఇవ్వకూడదు. ఇవాళ ఎత్తాడు, సరే. రేపు దించితే?"

"అయితే జనాన్ని పాటలు మానుకోమంటావా?"

"మానుకోవద్దు. తాళం లేని పెట్టెలో పెట్టుకోమంటున్నాను."

"జనం దగ్గరున్నవన్నీ తాళం పెట్టెలే కదరా."

నవ్వాడు. అప్పుడు లాకుల మీంచి నీళ్ళు పడుతున్న చప్పుడు... ఆ చప్పుడు ఇప్పుడూ ఉంది. అటు వెళ్ళడం మానేశాను.

జనవరి 13

ఎవరికీ చెప్పని సంగతి. ఇక్కడైనా రాసుకోవాలి.

మా అమ్మాయి రాణి పెళ్ళయిన నెలకే వాళ్ళన్న పోయాడు. పెళ్ళి వీడియో అప్పటికి తయారు కాలేదు. తర్వాత ఎప్పుడో స్టూడియో అతను కబురు పెడితే నేనే వెళ్ళాను. ఒకటే సీడీ ఇచ్చాడు. "పెళ్ళిదీ, బాబు సమాధి రోజుదీ రెండూ ఇందులోనే ఎక్కించానండి. ముందు పెళ్ళి, వెనకాల అది. టీవీ ప్లేయర్లో రాదండి, కంప్యూటర్లో వేసుకోవాలి" అన్నాడు. మంచి చేశాననుకున్నాడు పాపం. సీడీ మీద మార్కరుతో జోజి అని రాశాడు.

ఆ రోజు నేను చూడలేదు. పెట్టె మూత వేస్తుంటే పడిపోయానట. లేచేసరికి అంతా ఇంటికొచ్చేశారు. చూడనిది అంతా ఆ సీడీలో ఉంది.

పెళ్ళిలో వాడి నవ్వూ అందులోనే ఉంది.

బియ్యం డబ్బాలో దాచాను. వాడి రుమాల్లో చుట్టి.

జనవరి 14

రోజూ చేసేది కూడా రాస్తాను.

కొట్టు ఊడ్చి, మరియమాత పటం ముందు కొవ్వొత్తి పెట్టి, కరీముల్లా వచ్చేలోపు జోజి కంప్యూటరు వేస్తాను. సీడీ లోపల పెడతాను. కాసేపు గుర్రుమంటుంది. తర్వాత అక్షరాలు వస్తాయి.

క్షమించండి. ఈ ఫైలును ఆడించే సాధనం ఇక్కడ లేదు.

ఆ మాట జోజిదే. కుర్రాళ్ళు కొందరు కలిసి కంప్యూటరు మాటలన్నీ తెలుగులోకి మార్చారు. వాటాలు పంచుకుంటే, పని కానప్పుడు వచ్చే మాటలు మావాడికి వచ్చాయి. నేను వంకాయలు తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ప్లే చెయ్యడాన్ని తెలుగులో ఏమందాం?" "తోలుబొమ్మల వాళ్ళు బొమ్మల్ని ఆడిస్తారు కదరా. ఆడించడం అను." "భలే చెప్పావే!" "క్షమించండి ఎందుకు మధ్యలో? లేదంటే లేదు." "లేదని చెప్పేటప్పుడే మర్యాద కావాలమ్మా."

ఐదో తరగతి చదివిన నా మాట ఎంతమంది ఇళ్ళలో వస్తోందో.

వాడు ఇంకా నాతో మాట్లాడేది ఆ ఒక్క మాటే. లేదు అంటాడు. నేను సరే నాన్నా అని సీడీ తీసేస్తాను. తెరుచుకోదని తెలిసే పెడతాను. తెరుచుకోదనే పెడతాను.

జనవరి 19

కరీముల్లా పొద్దుట్నుంచీ ఏదో అందామని నోరు తెరిచి మూస్తున్నాడు. అన్నం వేళకి అన్నాడు.

"అమ్మా, ఒక మాట చెప్తా. తిట్టకండి."

"తిట్టను. చెప్పు."

"బెంజ్ సర్కిల్ దగ్గర షాపోళ్ళు రమ్మంటున్నారు. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. ఇక్కడ బోణీ అయ్యి ఎన్నాళ్ళయిందో మీకే తెలుసు."

వెళతానంటాడనుకున్నాను. అది కాదు. పాటల్నీ బొమ్మల్నీ విప్పే సాధనాలు ఉంటాయట, కోడెక్కులు అంటారట. తాళంచెవులు అనుకోండి అన్నాడు. అవి వేద్దామంటాడు. "మిగతాదంతా అన్న పెట్టిందే ఉంటుందమ్మా. అడిగినవాళ్ళకే వేద్దాం. అడగనివాళ్ళకి వద్దు. వేసేముందు చెబుదాం, ఇది మాత్రం తాళం వేసిన సరుకు అని. దాచొద్దు. అంతకన్నా నాకు దారి కనపళ్ళేదు."

"వాడు వద్దన్నాడు కదా" అన్నాను.

పిల్లవాడు చేతులు కడుక్కుని నమాజుకి వెళ్ళాడు.

కొట్టు నా పేరున ఉంది కాబట్టి అడిగాడా, జోజి తల్లిని కాబట్టి అడిగాడా... రెండింటికీ నా దగ్గర ఒకటే మాట ఉంది. వద్దు. అది జోజి మాట అని వాడు అనుకుంటున్నాడు. నా భయం అని నాకు తెలుసు.

జనవరి 20

సీడీని బియ్యం డబ్బాలోంచి తీసి పటం వెనక పెట్టాను. బియ్యంలో చెయ్యి పెట్టినప్పుడల్లా తగులుతోంది.

జనవరి 26

రాణి ఫోను. ఏడాది పూజ గురించి.

"చర్చి నుంచి వచ్చాక అందరం కొట్లో కూర్చుని మనం తీయించిన పెళ్ళి వీడియోలో అన్నని చూద్దామమ్మా. ఏడుపు వద్దు ఈసారి. వాడు నవ్వుతుండగా చూడాలి. మా అత్తగారివాళ్ళు తీయించిన దాంట్లో వాడి వీపే కనిపిస్తుంది, కుర్చీలు మోస్తూ."

సీడీ ఎక్కడో పెట్టాను, వెతకాలి అన్నాను. వాడి కంప్యూటర్లో అది రాదుగా అని కూడా అన్నాను.

అల్లుడు ఫోను తీసుకున్నాడు. అంతోని మంచివాడే, నోరే తొందర. "రానిదేంటండీ అత్తయ్యగారూ! నేనొచ్చి కరీముల్లాతో వేయిస్తా. పాట రాని కంప్యూటరేంటండీ బాబూ, వడియాలు ఎండబెట్టుకోడానికా? మనిషి పోయినా ఆ పట్టుదల పోదా ఆ ఇంట్లో?"

వెనకనుంచి రాణి ఏదో అంది. తర్వాత ఫోన్లో గాలి చప్పుడు.

చెప్పేస్తే సరిపోయేది. దాని వెనకాల ఇదుంది తల్లీ, అని. నోటిదాకా వచ్చింది. చెప్తే ముందు సమాధి రోజుదే చూస్తానంటుంది రాణి. ఆ రోజు తను చివరిదాకా ఉంది, అన్నీ చూసింది. మళ్ళీ చూడాలంటుంది. నన్నూ కూర్చోమంటుంది.

జనవరి 30

వద్దు.

ఫిబ్రవరి 2

నర్సు చదివే అమ్మాయి వచ్చి అడిగింది. పాఠాల సీడీలట, బొమ్మ కదులుతుందట. కరీముల్లా నా వైపు చూశాడు. నేను కొవ్వొత్తి వైపు చూశాను. అమ్మాయి వెళ్ళిపోయింది.

అప్పుడన్నాడు. "అన్న కూడా ఒకసారి వేశాడమ్మా."

"ఎవరికి?"

"నున్న ఊళ్ళో ఒక మాస్టారికి. ఆయన భార్య మంచం మీదుంది. పాత పాటలు వింటానంటే... అన్నే వెళ్ళి వేసొచ్చాడు. ఎవరికీ చెప్పకు కరీమూ అన్నాడు. రెండ్రోజులు సరిగ్గా అన్నం తిన్లేదు. తప్పు చేశానా, చెయ్యకపోతే తప్పా అని నన్నడిగాడు. నాకేం తెలుసు?"

నిజమేనా? జోజి రెండు రోజులు అన్నం తినకపోతే నాకు తెలియకుండా ఉంటుందా? లేక నన్ను ఒప్పించడానికి కల్పించాడా? కరీముల్లా ముఖంలోకి చూశాను. తీగ చుట్టుకుంటున్నాడు. చుట్టిందే విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

లేదు అని అంత మర్యాదగా రాసినవాడు, లేదనలేక ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటాడు. నాకలాగే అనిపిస్తోంది. అనిపించడం మంచిదో కాదో.

ఫిబ్రవరి 4

ఇవాళ పొద్దున సీడీ గుర్రుమనడం ఎక్కువసేపు అయింది. తెరుచుకుంటుందేమోనని లేచి నిలబడ్డాను. తర్వాత క్షమించండి అని వచ్చింది.

ఫిబ్రవరి 10

మేరీమాత తిరునాళ్ళు. కొండ దారంతా జనం. బొమ్మల కొట్టు, జీళ్ళ కొట్టు, అన్నిట్లో పాటలే, ఒకదాని మీద ఒకటి. మన కొట్టొక్కటే ఊపిరి బిగబట్టి ఉంది.

మెట్లెక్కాను. తోసుకుంటూ ఎవరో ఆవిడ, "నడవ్వే అమ్మా, మొక్కున్నోళ్ళం మేమూ ఉన్నాం" అంది. నాకు మొక్కు లేదు. ఏం అడగాలో కూడా తెలియలేదు.

దిగేటప్పుడు పటాలు అమ్మే చోట ఆగిపోయాను. సిలువ మీంచి దించిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న తల్లి పటం. ఎన్నిసార్లు చూశానో చిన్నప్పట్నుంచి. ఇవాళ గమనించాను— ఆవిడ చూస్తోంది. ముఖం తిప్పుకోలేదు.

కొనలేదు. ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 12, సోమవారం

బెంజ్ సర్కిల్ వాళ్ళు ఈ వారంలో చెప్పమన్నారట. కరీముల్లా అడగలేదు. చెప్పాడంతే.

"వెయ్యి" అన్నాను.

వాడికి అర్థం కాలేదు.

"అడిగినవాళ్ళకి వెయ్యి. నువ్వన్నట్టే. ముందు చెప్పి వెయ్యి. అడగనివాళ్ళకి జోజి ఇచ్చినట్టే ఇవ్వు."

"అన్న కంప్యూటర్లో...?"

వీధిలో తిరునాళ్ళ పందిరి గుంజలు పీకుతున్నారు.

"దాంట్లో కూడా."

ఫిబ్రవరి 13

నేను టీ పెట్టి తెచ్చేలోపు అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనమ్మా."

జోజి అంతమందితో తగువులాడింది, నవ్వుతూ కాదన్నది, అన్నం మానేసింది... ఇంత చిన్న పనికా.

కరీముల్లా ఒక అట్ట మీద రాసి గోడకి కట్టాడు. "పాటలు, సినిమాలు తెరిచే సాధనాలు అడిగితే వేస్తాం. అవి తాళం వేసినవి. తెలిసి అడగండి." అక్షరాలు జోజివిలా ఉన్నాయి. వాడి దగ్గరే నేర్చుకున్నాడు కదా.

సాయంత్రం టైలరు వచ్చాడు. అట్ట చదివాడు. "ఈ ముక్కేదో ముందే చెప్తే నాకు రెండు ఆటోలు కలిసొచ్చేవి కదయ్యా!" అని పగలబడి నవ్వాడు. కరీముల్లా పరీక్షకని పాట వేశాడు. కొట్లో మొదటిసారి పాట. నన్ను చూసి వెంటనే తగ్గించేశాడు.

డబ్బా వెళ్ళిపోయింది. గోడవార ఒక చోటు ఖాళీ.

ఫిబ్రవరి 14

ఇవాళ పొద్దున సీడీ పెట్టలేదు. పెడితే ఏమంటాడో ఇంక నాకు తెలియదు.

ఫిబ్రవరి 15

కరీముల్లాని అడిగాను, బొమ్మ నడుస్తుంటే ఏది నొక్కితే ఆగుతుందీ అని.

"కింద పొడుగు మీట అమ్మా. ఒకసారి నొక్కితే ఆగుద్ది. మళ్ళీ నొక్కితే నడుస్తది. ఎందుకమ్మా?"

"ఊరికే."

ఫిబ్రవరి 16, శుక్రవారం

రేపు పూజ. రాణి, అంతోని సాయంత్రం బండికి వస్తారు. సీడీ దొరికిందా అని మళ్ళీ ఫోను. దొరికింది అన్నాను.

కరీముల్లా శుక్రవారం నమాజుకి వెళ్ళాడు. కొట్టు తలుపు దగ్గరికి వేశాను. రేపు అందరి ముందూ అది వచ్చేలోపు ఎక్కడ ఆపాలో నాకు తెలియాలి. అందుకే. అందుకొక్కదానికే అని చెప్పుకుంటూ పటం వెనకనుంచి తీశాను.

గుర్రుమంది. క్షమించండి కోసం చూశాను.

రాలేదు.

పందిరి వచ్చింది. మైకు. రంగు కాగితాలు. రాణి తల వంచుకుని. నేను— ఆ చీర, ఆ ముఖం, ఏమీ తెలియని ముఖం. తర్వాత కుర్చీలు, కుర్చీల వెనక జోజి. ముఖం ఇటు. చెమట. నా వైపు కాదు, నా వైపే. కెమెరా అతనితో "నన్నెందుకన్నా, పెళ్ళికూతుర్ని తియ్యి" అంటున్నాడు. గొంతు. ఏడాదికి గొంతు. నవ్వాడు. పై పన్ను పక్క పన్ను మీదికి ఎక్కింది, అలాగే ఉంది. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎవరో పిలిచారు. తిరుగుతున్నాడు—

నొక్కాను.

ఆగాడు. గ్లాసు చేతిలో ఉంది. సగం ముఖం. నీళ్ళు గ్లాసు అంచున, పడబోతూ పడలేదు.

కింద సన్నటి గీత. దాని మీద చుక్క. చుక్క దాటాక ఇంకా బోలెడు గీత ఉంది. అందులో పెళ్ళి ఎంతో, ఏది ఎక్కడ మొదలవుతుందో గీత చెప్పడం లేదు.

ఎదురుగా ఉన్నాడు. చూస్తూ రాస్తున్నాను. వీధి మొదట్లో కరీముల్లా బండి చప్పుడు. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఎడమచేతి వేలు ఇంకా ఆ మీట మీదే ఉంది.