పలక మీద లెక్క

మార్కాపురం
1959 మే, శనివారం

నేను పనిచేసే అబ్జర్వేటరీ నుంచి ఇక్కడికి, ఇంటికి దారి మళ్లి వచ్చిన ఉత్తరం ఇవాళ చేతికందింది. రాసింది ఒక జర్మన్ ప్రొఫెసరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ఒక నక్షత్రం వేడి లెక్కకట్టి నేను అచ్చువేయించిన వ్యాసం మీదే ఆయనా, ఆయన శిష్యులూ ఇన్నేళ్లూ పనిచేశారట. ఇప్పుడు వాళ్లకు వేరే అంకె వస్తోందట. నా లెక్క మొదటినుంచీ పంపమని ఎంతో మర్యాదగా అడిగాడు.

ఏం పంపను? ఆ లెక్కంతా పలక మీద చేశాను. పలకల గని కూలి కొడుకుని, కాగితం మీద నాకు చెయ్యి ఆడదు. చివరి అంకె రాసుకుని పలక తుడిచేశాను.

మధ్యాహ్నం అదే పలక ముందేసుకుని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వాళ్ల అంకే వచ్చింది. నాది ఎట్లా వచ్చిందో నాకే తెలియడం లేదు.

ఉత్తరంలో సగమే నాయనకు చెప్పాను. సాయంత్రం ఆయన పక్కింటి చెన్నయ్య మామతో అంటున్నాడు: "మావోని లెక్క పట్టుకోని దొరలు పని చేస్తాండారంట, చెన్నయ్యా! ఆ పలక నేను కోసిందే."

"ఆ లెక్క తప్పు నాయనా," అన్నాను.

"ఏందిరా, తప్పయితే తుడిచి మళ్ల చెయ్యి. పలక ఉండేది అందుకే గదా!"

అచ్చయినదాన్ని ఏ గుడ్డతో తుడవను? దాన్ని నమ్ముకుని ఇంకా ఎంతమంది ఎంత దూరం పోయారో...

ప్రొఫెసరుకు జవాబు రాద్దామని ఇందాక పలక కోసం వెతికాను. నాయన దాన్ని శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, దేవుని గూట్లో నిలబెట్టాడు. ఇవాళ చేసిన లెక్క కూడా దాని మీదే ఉండింది.