తడి లాంతర్లు

ఆదివారం, నాచారం

ఫ్యాక్టరీకి సెలవు. ఫోన్లో చూసి నేర్చుకున్న చైనా పండుగ లాంతర్లను ఉప్పల్ స్కూల్లో ఆదివారం క్లాసుకు వచ్చిన పిల్లలతో చేయించాను. ఫెవికాల్ వద్దని మైదా జిగురు ఉడికించుకుని పోయిన మూర్ఖుణ్ణి నేనే. ఒకప్పుడు ఆ జిగురుతోనే గోడలకు పోస్టర్లు అంటించానన్న పొగరు. ముసురుకు ఒక్కటీ ఆరలేదు. కాగితాలు జారిపోతుంటే, లాంతర్లు చూడడానికి పిల్లల తల్లులు అప్పుడే గేటు దగ్గరికి వచ్చేశారు.

"చెడగొట్టినవ్ గద తమ్మీ. ఇంకోసారి నిన్నెట్ల పిలవాలె?" అంది హెడ్‌మేడం.

"వానను నేనేమన్న పిల్సుకొచ్చిన్నా?" అని అరిచాను. ఈ నోరొకటి!

ఐదో క్లాసు లావణ్య నా చొక్కా లాగింది. "అన్నా, మా అమ్మ యూనిఫాం ఫ్యాన్ కిందనే ఆరబెడ్తది. రెక్కలకు కట్టు."

బెంచీ ఎక్కి లాంతర్లను దారాలతో కట్టి, ఫ్యాన్‌ను ఒకటి మీద పెట్టాను. ఎర్రగా, మెల్లగా తిరిగాయి. ఏది ఊడిపడుతుందోనని కింద చేతులు చాచి నిలబడ్డాను.

"అబ్బ, మస్తున్నయ్! తిరిగేటట్టు జేసిన్రు సూడు!" అంది ఒక తల్లి.

"మా స్కూల్ల అన్నీ గిట్లనే కొత్తగుంటయ్," అంది మేడం. ఒళ్లు మండింది. అయినా ఈసారి అరవకుండా కింద పడ్డ కాగితాలు ఏరుకున్నాను.

కొంతసేపటికి ఫ్యాన్ ఆపి ముట్టుకుని చూస్తే, తడి లేకుండా అన్నీ ఆరి ఉన్నాయి.

"వచ్చే నెల గూడ రా తమ్మీ," అంది మేడం.

వస్తానని మరీ గట్టిగా అరిచానేమో, పిల్లలంతా నవ్వారు.