రేగడిల సైకిల్ మోసిన దినం

యాకూబ్ భాయ్,

సలాం. నువ్వు పోయి పదకొండు నెలలాయె. రంజాన్ గూడ నువ్వు లేకుంటనే వచ్చి పోయింది. మీ ఇంటికెల్లి భాబీ ఎప్పటిలెక్కనే షీర్ ఖుర్మా పంపింది... సగం తాగిన, సగం అట్లనే పెట్టిన.

మొన్న ఐతారం రేసు అయింది. గదే, చెరుకు కొట్టుడు అయిపోయినంక మనోళ్లు ఏటా పెట్టుకునే సైకిల్ రేసు. బోధన్ పొలిమేర కాడ మొదలు, కోసిన చెరుకు మోళ్ల మీదికెల్లి, కాలువ గట్టెక్కి, రేగడి బురద దాటి, నీ సైకిల్ రిపేరు దుకాణం ముంగట ఖతం. పదమూడు మందిమి ఉంటిమి. నేను ఎన్నో నంబరు వచ్చిన్నో ఇప్పుడే చెప్ప. ముందుగాల్నే చెప్తే నువ్వు మిగిలింది వింటవా?

నన్ను మొదటిపారి చూసిన దినం యాదున్నదా భాయ్? చెరుకు మోళ్లు గుచ్చుకొని పంచర్ అయితదని, ఇంట్ల బెల్లం పాకం కాసి ట్యూబుల పోసిన! బొక్క పడితే పాకం గట్టిపడి అదే మూసుకుంటదనుకున్న. చెరుకు పండించేటోని తెలివి గద... మూడో దినానికి వాల్వు బిగుసుకపోయె, హవా ఎక్కదాయె, చక్రం నిండ చీమలు. నీ దుకాణం కాడికి నడిపించుకొస్తే, నువ్వు పేరడిగి, ట్యూబ్ కోసి, వేలు ముంచి నాకి చూసినవ్. "అరే సాయన్నా, పాకం మంచిగ కుదిరింది. గని బెల్లం బువ్వల ఏసుకోవాలె, ట్యూబుల గాదు" అన్నవ్. బజారంత పడిపడి నవ్విండ్రు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ దినం సంది నీ దుకాణం విడిచిన్నా?

ఎన్ని నేర్పినవ్! మడ్గార్డులు ఊడదీస్తే మట్టి ఇరుక్కోదని చెప్పినవ్. క్యారియరు, స్టాండు, డైనమో అన్ని ఇప్పి మూలకేయించినవ్. మోళ్ల మీద సీటు మీదికెల్లి లేచి తొక్కుడు, గట్టు దిగేటప్పుడు ఒళ్లు ఎనకకు ఏసుడు... అన్ని ఓపికతోని చూపెట్టినవ్. మా బాపు గూడ నాకు నాగలి పట్టుడు అంత ఓపికతోని నేర్పలే.

ఒక్కటే నేను నేర్చుకోలే. రేగడి దాటుడు.

నల్లరేగడి తడిసిందంటే చక్రానికి చుట్టుకొని అడుగు కదలనియ్యదు. "రేగడిల సైకిల్ నిన్ను మోయదు. నువ్వే దాన్ని మోయాలె. దిగు, భుజానికెత్తు, ఉరుకు" అని ఏటేటా మొత్తుకుంటివి. నువ్వు గట్లనే ఉరుకుతుంటివి, ఏ సిగ్గు షరం లేకుంట. నేను దిగలే. ఎట్ల దిగుత భాయ్? మా ఊర్ల మొట్టమొదటి సైకిల్ మాది. ఊరంత గట్టు మీద నిలవడి చూస్తుంటే, ఎక్కి పోవాల్సిన సైకిల్ని ఎరువు గంపలెక్క మోసుడా? మా ఇంటి ఇజ్జత్ ఏం గావాలె? నాలుగేండ్లు ఆ బురదలనే తొక్కిన, ఆడనే కూలవడ్డ, ఆడికెల్లే ఇంటికి పోయిన. ఒక్కపారి గూడ ఆఖరి దాక రాలే.

పోయినేడు నువ్వు ఎనకకు మర్లొచ్చినవ్. గెలిచే రేసు ఇడిసిపెట్టి... నన్ను లేపి, నా సైకిల్ గూడ నీ భుజానికెత్తుకున్నవ్. నేనేం చేసిన? అందరి ముంగట గుంజుకున్న. నా సైకిల్ ముట్టొద్దని ఒర్రిన. నువ్వు "సరే తీ" అని నీ సైకిల్ ఎత్తుకొని పోయినవ్. ఇగ నేను నీ దుకాణం దిక్కు మొఖం పెట్టలే. పంచర్ అయితే సైకిల్ని బస్సు మీద ఏసుకొని నిజామాబాద్ దాక పోయిన గని నీ తానికి రాలే! గింత జిద్దు ఏ మనిషికన్న ఉంటదా?

నెల తిరగకముందే నువ్వు జరమొచ్చి దవఖానల పడ్డవని తెల్సింది. రేపు పోదం, రేపు పోదం అనుకున్న... పోకముందే నువ్వు పోయినవ్.

ఈ ఏడు రేసు జోలికే పోవద్దనుకున్న. భాబీ పిలిపిచ్చి చెప్పింది. దవఖానల గూడ నా ముచ్చటే తీసినవట. "సాయన్న దిగుతడు చూడు. వాని మోకాళ్లల్ల బలమున్నది, సిగ్గే జర ఎక్కువున్నది" అన్నవట. నా మీద కోపం రాలేదా భాయ్ నీకు? ఇంతన్న రాలేదా?

రేగడి కాడికి రాంగనే చక్రం ఆగింది. దిగిన. భుజానికెత్తిన. గట్టు మీదోళ్లు, సైకిలే సాయన్న మీద ఎక్కిందని ఒకటే నవ్వుడు. మొఖం మండిపోయింది. పది అడుగులు ఏసినంక నాకే నవ్వొచ్చింది... నిజంగనే ఎక్కింది గద! ఉరికిన భాయ్. భుజం ఒరుసుకపోయింది, చెప్పు ఒకటి బురదలనే పోయింది, ఆగలే.

తొమ్మిదో నంబరు. పదమూడు మందిల తొమ్మిది. ఇనాం లేదు, ఏం లేదు. భాబీ పర్దా ఎనకకెల్లి చెంబుల నీళ్లు పంపింది. అవి తాగుకుంట బజార్ల అందరి ముంగట ఏడ్చిన. ఇజ్జత్ యాడికి పోలే, ఆడనే ఉన్నది.

నువ్వు చెప్పిందే నిజం. బతికుండంగ నీ ముంగట అనాల్సిన మాట ఇది ఒక్కటే. దీనికోసమే గింత రాసిన. శుక్రియా భాయ్... అన్నిటికి.

ఇంకో చిక్కున్నది. నీకు తెలుగు చదువుడు రాదు, నాకు ఉర్దూ రాసుడు రాదు. శుక్రారం జుమ్మా నాడు పొద్దుగాల ఖబరస్తాన్‌కొచ్చి, నీ గోరి పక్కన కూసొని నేనే సదివి వినిపిస్త. బెల్లం పాకం కాడ నవ్వితే నవ్వు గని, ఆఖరి దాక విను.

నీ
సాయన్న