విరగని ఫ్రేమ్

అమ్మడూ,

నాన్న దీవెనలు. నేను క్షేమం. ఇక్కడ అందరూ క్షేమం అని రాయాలి గానీ, మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో అందరూ అంటే నేనొక్కణ్ణే కదా, అందుకే ఆ వాక్యం చిన్నదైపోయింది. నువ్వు వేళకింత తింటూ బాగున్నావని అనుకుంటున్నాను. నా అనుకోవడంతో కడుపు నిండదు, తిను.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. నాలుగో రోజుకల్లా జవాబు రాసేవాణ్ణి ఈసారి ఇంత ఆలస్యం చేశానేమిటా అని కంగారు పడి ఉంటావు. ఒంట్లో బాగానే ఉంది. రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

మోకాలి నొప్పి తగ్గిందా అన్నావు. నన్నొదిలి అదెక్కడికి పోతుంది, ప్రస్తుతానికి నాకున్న తోడు అదే. వంటింట్లో కుళాయి బాగుచేయించావా అన్నావు. లేదు, కింద గిన్నె పెట్టాను. ఆ చుక్కల చప్పుడు వింటుంటే లోపలెవరో పని చేసుకుంటున్నట్టు ఉంటుంది, ప్లంబర్ని పిలవబుద్ధి కావడం లేదు. నువ్వు పంపిన ప్యాంటు సరిపోయిందా అన్నావు. నడుం దగ్గర కొలిచి కుట్టినట్టుంది. పొడవు మాత్రం ఒక కాలికి సరిపోయింది, రెండో కాలికి ఎక్కువైంది. నవ్వకు, ఎందుకో కింద రాస్తాను.

ఆదివారాలు టైలరుతో క్యారమ్స్ ఎలా సాగుతోంది, ఈమధ్య గెలిచానని కోతలు కోయడం లేదేం అని కూడా అడిగావు. ఆ సంగతి రాయలేకే రెండు కాగితాలు చింపాను.

ముందు నీ పెద్ద ప్రశ్న. నర్సు ట్రైనింగులో మీకొక గంట క్లాసు చెప్పారన్నావు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తున్నారని అనుమానం వస్తే నర్సులు, డాక్టర్లు, టీచర్లు తప్పనిసరిగా పిల్లల రక్షణ ఆఫీసుకి చెప్పాలి, చెప్పకపోతే వాళ్ళకే శిక్ష అన్నారట. చివర్లో సంతకం కూడా పెట్టించుకున్నారట. "అనుమానం తప్పయితే ఎలా నాన్నా? ఉత్తి పుణ్యానికి ఒక సంసారం రోడ్డున పడదా?" అని రాశావు. తల్లీ, ఆ జాబితాలో కళ్ళు పరీక్ష చేసే నాలాంటివాళ్ళు కూడా ఉన్నారు. పద్దెనిమిదేళ్ళ కిందట లైసెన్సు తీసుకునేటప్పుడు నేనూ ఆ సంతకం పెట్టాను. చదవకుండా పెట్టాను.

మా కళ్ళజోళ్ళ షాపు పక్క టైలరు నీకు తెలుసు. పదకొండేళ్ళుగా నన్ను "బావా" అంటాడు. ఏ చుట్టరికమూ లేదు, మొదటిరోజు క్యారమ్స్‌లో ఓడిపోయి ఉక్రోషంతో అన్న మాట అలా నిలిచిపోయింది. పన్నెండింటికి మా మధ్య గోడ మీద రెండుసార్లు తడతాడు, టీకి రమ్మని. మీ అమ్మ పోయిన నెలంతా మధ్యాహ్నాలు తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టాడు. నీకు ఫోన్ చేసి "మీ నాన్న తింటున్నాడమ్మా, నేను చూసుకుంటా" అని చెప్పినవాడు అతనే.

అతనికి తొమ్మిదేళ్ళ కూతురు. ఒక్కచోట నిలబడదని బొంగరం అని తనే పేరు పెట్టాడు. నన్ను మామయ్యా అంటుంది. అయిదో ఏట మొదటి కళ్ళజోడు నేనే పెట్టాను.

ఇప్పుడు నా పని గురించి కాస్త ఓపిగ్గా విను. కింద పడ్డ కళ్ళజోడుకి అద్దం అంచు పగులుతుంది, లేదా ఫ్రేమ్ మూల చిట్లుతుంది. ఎవరైనా మీద కూర్చుంటే చెవుల మీదికి వెళ్ళే కాడలు రెండూ విచ్చుకుపోతాయి. ముఖం మీద ఉండగా దెబ్బ తగిలితే అలా కాదు. ఆ వైపు కాడ లోపలికి నొక్కుకుపోతుంది, ముక్కు దగ్గర ప్యాడు మెలితిరుగుతుంది. బంతి తగిలినా అంతే, చెయ్యి తగిలినా అంతే. ఇది పుస్తకాల్లో ఉండదు, ఇన్నేళ్ళు స్క్రూలు బిగించినవాడికి చేతికే తెలిసిపోతుంది.

మొదటిసారి టైలరే తెచ్చాడు. ఎడమ కాడ లోపలికి వంగిపోయింది. "దీనికి ఒళ్ళు తెలీదు బావా, ఆడుకుంటూ పడేసిందట" అన్నాడు. సరే అన్నాను. మూడు వారాలకి పిల్ల స్కూలు నుంచి ఒక్కతే వచ్చింది. మళ్ళీ ఎడమ కాడే, అదే వంపు. "దాని మీద కూర్చున్నా మామయ్యా" అంది, నేనడక్కముందే. బాగుచేసి పెడదామని రెండు చేతులూ ముఖం దగ్గరికి తీసుకెళ్ళాను. ఏ పిల్లలైనా అప్పుడు కళ్ళు ఇంతింత చేసి నవ్వుతారు. బొంగరం కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమ భుజం పైకెత్తింది. ఊపిరి కూడా బిగబట్టింది.

తర్వాత పోయిన నెలలో పవర్ చూపించడానికి తండ్రీ కూతుళ్ళు కలిసి వచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళజోడు తీశాను. ముక్కు పక్కన ప్యాడు ఉండే చోట పాత మచ్చ ఒకటి, దాని మీదే ఎర్రగా కొత్తది ఒకటి. ఎడమ చెవి వెనక కాడ ఆకారంలో నల్లటి గాటు. కింది వరస అక్షరాలు చదవమంటే చదివింది. వాళ్ళు వెళ్ళాక షాపు తలుపు దగ్గరగా వేసి పిల్లల రక్షణ ఆఫీసుకి ఫోన్ చేశాను.

అవతల ఒకావిడ ఎత్తింది. "నాకు రుజువేం లేదండీ, పొరపాటు కూడా కావచ్చు" అని నసిగాను. "రుజువు మిమ్మల్నెవరు అడిగారండీ?" అంది ఆవిడ, కసురుకోకుండానే. "మీ కళ్ళతో చూసింది చెప్పండి. అది ఏంటి, ఎందుకు అన్నది తేల్చడం మా పని." చూసింది చెప్పాను. రెండు రోజుల్లో రాసి కూడా పంపాను. నీ ప్రశ్నకి జవాబు అదేనమ్మా. మనం తీర్పు చెప్పడం లేదు, తలుపు కొడుతున్నాం. తప్పయితే వాళ్ళే తేలుస్తారు.

చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టరు. కానీ పిల్ల చెవి వెనక చూసేవాళ్ళు ఈ వీధిలో ఎంతమంది ఉంటారు? పదో రోజు మధ్యాహ్నం టైలరు షాపులోకి వచ్చాడు. చేతిలో సంచి. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మీరేనా చెప్పింది?" అన్నాడు.

పదకొండేళ్ళలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి. కాదని బొంకవచ్చు, చట్టం కూడా నన్ను చెప్పమనదు. "నేనే" అన్నాను.

"నన్నడగాల్సింది. పక్కనే ఉన్నాను కదండీ. గోడ తడితే వచ్చేవాణ్ణి."

సంచి కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. అందులో నువ్వు పంపిన ప్యాంటు ఉంది. పొడవు తగ్గించమని ముందు వారం ఇచ్చాను. ఒక కాలు కుట్టి ఉంది, రెండోది అలాగే ఉంది.

మా ఓనరు "మన పని అద్దాలు బిగించడం, కొంపలు కూల్చడం కాదు" అన్నాడు. టీకొట్టులో నేను కూర్చోగానే బెంచీ ఖాళీ అవుతోంది. తల్లీ పిల్లా అమ్మమ్మగారింట్లో ఉన్నారట, అతను వారం వారం కోపం తగ్గించుకునే క్లాసుకేదో వెళ్ళాలట. ఇవన్నీ వీధిలో చెవిన పడ్డవే. ఫిర్యాదు చేసినవాడికి తర్వాత ఏం జరిగిందో చెప్పరు. పన్నెండింటికి గోడ మోగడం లేదు, అవతల మిషను కూడా ఆగడం లేదు. ఆదివారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చుంటున్నాను. వాడు చేసింది తెలిసి కూడా నాకు వాడు కావాలనిపిస్తోంది అమ్మడూ. ఈ మాట నీకు తప్ప ఇంకెవరితో అనగలను?

ఇక్కడిదాకా చదివి మా నాన్న ఎంత మంచివాడో అనుకుంటున్నావు, నాకు తెలుసు. ఆగు. రెండోసారి తర్వాత పోయిన నెల అని గడుసుగా రాసేశాను చూడు, ఆ మధ్యలో ఏడు నెలలున్నాయి.

రెండోసారి పిల్ల కళ్ళు మూసుకున్న రోజే నాకు తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. ఆ ఆఫీసు నంబరు మా గోడ మీదే అంటించి ఉంటుంది, లైసెన్సు కింద. దాని వంక చూశాను కూడా. చూసి, ఏం చేశానో తెలుసా? పై అరలోంచి రబ్బరు ఫ్రేమ్ ఒకటి తీశాను. ఆటలాడే పిల్లల కోసం వస్తాయి, మెలితిప్పినా విరగవు. దానికి అద్దాలు బిగించి, "ఇది నా బహుమతి, ఇంక నువ్వు తిట్లు తినక్కర్లేదు" అని పెట్టి పంపాను. కళ్ళజోడు విరక్కపోతే ఇంట్లో గొడవే ఉండదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ సాయంత్రం ఎంత తేలిగ్గా ఉందో! పిల్లకి మేలు చేశాను, ఆదివారం క్యారమ్స్ కూడా ఎక్కడికీ పోలేదు.

విరిగితేనే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చేది. విరగనిది ఇచ్చి, వచ్చే దారి నేనే మూసేశాను. ఏడు నెలలు రాలేదు. ఆ ఏడు నెలల ఆదివారాలన్నీ వాళ్ళ నాన్నతో ఆడాను. పిల్లేది అని ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకంటే అడిగితే తెలుస్తుంది.

పవర్ చూపించడానికి వచ్చిన రోజు టైలరు అన్న మాట ఒకటి పైన రాయకుండా దాటేశాను. పిల్ల భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ అన్నాడు: "బలే ఫ్రేమ్ ఇచ్చావు బావా, ఏం చేసినా విరగట్లేదు!" నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళజోడు తీశాను, అప్పుడు చూశాను ఆ గాటు. ఇనుపదైతే వంగి సగం దెబ్బ తను తినేది. నా ఫ్రేమ్ వంగలేదు, మొత్తం పిల్లే తింది.

నువ్వు నన్ను ఏమనుకున్నా ఫరవాలేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ రాయడం మానకు.

ఇంకొక్కటి. మొన్న శనివారం వాళ్ళ అమ్మమ్మ బొంగరాన్ని తీసుకుని షాపుకి వచ్చింది. కొత్త పవర్ అద్దాలు పాత ఫ్రేముకే బిగించమంది ఆవిడ. పిల్ల నన్ను మామయ్యా అనలేదు, అసలు పలకరించలేదు. నాన్నని దూరం చేసినవాణ్ణి, ఎందుకు పలకరిస్తుంది? రబ్బరు ఫ్రేమ్ తీసి కౌంటర్ మీద పెట్టి, అద్దాల బీరువా వైపు వేలు చూపించింది. సన్నటి తీగ ఫ్రేమ్, షాపులో అంతకన్నా నాజూకైంది లేదు.

"అదెందుకే తల్లీ, గట్టిగా పట్టుకుంటే వంగిపోయేలా ఉంది. నాలుగు రోజుల్లో విరిగిపోతుంది" అంది అమ్మమ్మ.

పిల్ల ఆవిడ వంక విడ్డూరంగా చూసింది. "ఇప్పుడెందుకు విరుగుతుంది అమ్మమ్మా?" అంది.

అద్దాలు బిగించాను. పెడదామని చేతులు చాచేసరికి బొంగరం మళ్ళీ కళ్ళు మూసుకుంది. చేతులు వెనక్కి తీసుకుని, ఫ్రేమ్ తన అరచేతిలో పెట్టాను. "నువ్వే పెట్టుకోమ్మా" అన్నాను. పెట్టుకుంది. ఒక పక్కకి కాస్త వాలింది. సరిచేయలేదు.

రేపు నీ వార్డుకి అలాంటి పిల్ల వస్తే రబ్బరు ఫ్రేమ్ కోసం వెతక్కు. ఫోన్ తియ్యి. ఆ తర్వాత నీకెవరూ టీ ఇవ్వకపోతే నాకు రాయి, నేనున్నాను.

ఆ పాత ఫ్రేమ్ కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళింది పిల్ల. తుడిచి, దీపం కింద పెట్టి చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదమ్మా.

ఇట్లు,
ఒక కాలు మడిచి తొడుక్కుని తిరుగుతున్న
నీ నాన్న