పాత కంప్యూటర్‌కు కొత్త డ్యూటీ

గోదావరిఖని,
బుధవారం.

హర్షిణి బాపుకు దీప నమస్కారాలు.

ఇక్కడ ముసురు పట్టి వారం కావస్తోంది. బొగ్గు పొడి నానిపోయి వాకిలంతా నల్లటి బురద. పొద్దున్నే బడికి పోయి పిల్లలకు అన్నం, పప్పు వండి వచ్చాను. కట్టెలు తడిసి ఒకటే పొగ, కళ్ళు ఇంకా మండుతున్నాయి. వచ్చాక అత్తమ్మకు తల దువ్వి, ఆరని బట్టలు తీసి మళ్ళీ వంటింట్లో ఆరేశాను. ఒంట్లో అందరికీ బాగానే ఉంది. మణుగూరులో మీరూ వేళకు తింటూ, గనిలో డంపర్ బండి నడిపేటప్పుడు జాగ్రత్తగా ఉన్నారనుకుంటాను.

మీతో పనిచేసే గట్టయ్యన్న సెలవు మీద వచ్చి ఆదివారం మీ ఉత్తరం ఇచ్చాడు. ఫోన్లో మాట్లాడితే ఈ చిన్న క్వార్టర్‌లో ప్రతి మాటా అత్తమ్మ చెవిన పడుతుందని, మన ఇద్దరి మాటలు ఇద్దరి మధ్యే ఉండాలని ఈ ఉత్తరాలు మొదలుపెట్టింది మీరే. కాబట్టి నేనూ కాగితం మీదే జవాబు చెప్తాను.

అత్తమ్మ తుంటి నొప్పి తగ్గింది. కర్ర పట్టుకొని వాకిలి దాకా నడుస్తోంది. దవాఖానాలో ఇచ్చిన గోలీలు అయిపోయాయి, మళ్ళీ తెచ్చాను. హర్షిణికి జ్వరం పోయింది. గురుకులంలో తిండి ఎప్పటిలాగే ఉందట, మామిడికాయ తొక్కు పంపమంది. వంటింటి రేకు కారుతున్న మాట నిజమే, కింద బకెట్ పెట్టాను.

కంప్యూటర్ ఎట్లా నడుస్తోందని అడిగారు. దాని గురించి కొంచెం వివరంగా రాయాలి.

హర్షిణి చిన్నప్పుడు, మీకు దసరా బోనస్ వచ్చిన ఏడు కొన్నారు దాన్ని. పిల్ల గురుకులానికి పోయాక తువాల కప్పి మూలకు పెట్టాం. మీట నొక్కితే తెరుచుకునేసరికి చాయ్ కాగేది. నిరుడు వానల్లో దాని వెనక నుంచి వేడి గాలి వస్తుందని చూసి, హర్షిణి సెలవులకు వచ్చినప్పుడు పిల్ల మేజోళ్ళు అక్కడ ఆరబెట్టేదాన్ని. పక్కింటి సుగ్రా బీ చూసి, “యా అల్లా, గింత మహెంగా, గిన్ని పైసల డబ్బా తెచ్చుకొని సాక్సులు ఆరబెడ్తున్నవా దీపా?” అని పొట్ట పట్టుకొని నవ్వింది. తర్వాత మీ తమ్ముడు సంపత్ అందులో ఒగ్గు కథలు ఎక్కించి ఇచ్చాడు. పగలంతా అత్తమ్మ అవి వినేది. అదీ నెమ్మదించాక పాత సామాను వాడికి వేద్దామనుకున్నాను.

అప్పుడే అత్తమ్మ జారి పడి మంచం పట్టింది. నేను బడికి పోతే ఆమె ఒంటరిగా ఉండాలి. సంపత్ తను పనిచేసే జిరాక్సు షాపు నుంచి ఒక కెమెరా పట్టుకొని వచ్చాడు.

“పారేసుడెందుకు వదినే? దీంట్ల ఫిరీగ దొరికే యాప్ ఒకటి ఎక్కిస్త. నువ్వు గాడ పప్పు కలుపుకుంట అవ్వను ఫోన్ల సూస్కోవచ్చు.”

“నేను గురక పెట్టేది గూడ వస్తదారా?” అంది అత్తమ్మ.

“వస్తదే అవ్వ. ఊరంతకు ఇనిపిస్త.”

ఆ రోజు మీరు ఫోన్ చేసి, అమ్మ కోసమే చేయించానన్నారు. నాకు మనసు నిండింది. అంత దూరంలో ఉండి మా గురించి ఆలోచిస్తున్నారని మన క్వార్టర్ల లైన్ మొత్తం చెప్పుకున్నాను.

కొన్నాళ్ళకు నా ఫోన్లో బొమ్మ రావడం ఆగిపోయింది. సంపత్‌ను అడిగితే, “నీ ఫోన్ పాతగైంది వదినే. కంప్యూటర్ మాత్రం బంద్ చెయ్యకు, మళ్ళ ఎక్కించుడు పరేషాన్” అన్నాడు. నేను బంద్ చేయలేదు. రోజూ దుమ్ము తుడిచాను.

ఇక మీ ఉత్తరంలో చివరి ప్రశ్న. “శుక్రవారం బ్లాస్టింగ్ టైముకు లైన్ అంతా బయట ఉంటే నువ్వు తలుపు గడియ పెట్టుకొని లోపల ఏం చేస్తున్నావు? లోపలికి వచ్చిన ఆ బురఖా మనిషి ఎవరు?” అని రాశారు.

ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పేల్చే ముందు హూటర్ మోగగానే మనవాళ్ళందరం గిన్నెలు అరల మీద నుంచి దించి, బయటికి వచ్చి నిలబడతామని మీకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్ళైన కొత్తలో ఆ అలవాటు నాకు నేర్పింది మీరే. శుక్రవారం మేం బయటికి రాలేదు. పొద్దటి నుంచి అత్తమ్మకు కడుపు చెడింది, పక్క మీదే అయిపోయింది. బజారు నుంచి ఇంటికి పోతున్న సుగ్రా బీని నేనే పిలిచాను. ఆమె అత్తమ్మ మంచం దగ్గరికి వచ్చి బురఖా తీసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని, నాతోపాటు అత్తమ్మను కడిగింది. ఒంటి మీద బట్ట లేని మనిషి ఉందని గడియ పెట్టాం. సరిగ్గా అప్పుడే హూటర్ మోగింది.

“మీరు పోన్రి బిడ్డా, నేనుంట. గోడ నా మీద పడ్తె పీడ పోతది” అంది అత్తమ్మ.

“చుప్ ఉండు పోశవ్వమ్మా. పోతె ముగ్గురం పోతం” అంది సుగ్రా బీ.

ఇల్లు అదిరింది, గోడ మీది మీ ఫోటో వంకర తిరిగింది. ముగ్గురం నవ్వుకున్నాం. లోపల జరిగింది అంతే.

ఆ బురఖా మనిషి హర్షిణి పుట్టినప్పుడు నన్ను రిక్షాలో దవాఖానాకు తీసుకుపోయిన మనిషి. ఆ పొద్దు మీరు సెకండ్ షిఫ్టులో ఉన్నారు.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శుక్రవారం సంగతి నేను మీకు చెప్పలేదు. అత్తమ్మకు ఫోన్ చేయడం రాదు. సుగ్రా బీ మీతో మాట్లాడదు. మరి మణుగూరులో ఉన్న మీకు నా తలుపు గడియ ఎట్లా కనబడింది? లేచి కంప్యూటర్ దగ్గరికి పోయాను. కెమెరా అత్తమ్మ మంచం వైపు లేదు. తలుపు వైపు తిరిగి ఉంది.

సాయంత్రం సంపత్‌ను పిలిపించాను.

“ఇది ఎవరి ఫోన్ల వస్తంది సంపత్?”

“అన్న ఫోన్ల.”

“ఎప్పటి సంది?”

“మొదట్నుంచే వదినే. నీ ఫోన్ల తీసెయ్యమని, తలుపు దిక్కు తిప్పుమని అన్ననే చెప్పిండు. నాకేం తెల్వది, పెట్టుమంటె పెట్టిన.”

“మాటలు గూడ ఇనబడ్తయా?”

“లే వదినే, బొమ్మ ఒక్కటే వస్తది” అన్నాడు సంపత్. మంచం మీది నుంచి అత్తమ్మ అన్నది, “నా తుంటి పేరు చెప్పి నా కోడలికి కావలి పెట్టిన్రా? ఇద్దరికిద్దరు కొడుకులు, ఒక్కడన్న వద్దన్లే.” సంపత్ ఏదో అనబోయాడు. “ఇది తెల్సిందని మీ అన్నకు చెప్పినవంటె నేను సస్తె నా మట్టికి గూడ రాకు. లే, నడువ్.”

సుగ్రా బీకి నేనే చెప్పాను. ఆమె కోపం చేయలేదు. “మీ ఇంట్ల నేను తల మీద కొంగు గూడ ఏస్కోను దీపా” అని మాత్రం అంది. అప్పటి నుంచి మా ఇంటికి రావడం లేదు. ఈ లైన్‌లో నాకున్న తోడు ఆమె ఒక్కతే.

ఇన్నేళ్ళలో మీకు నా మీద ఏ అనుమానం వచ్చినా ముఖం మీద అడిగి ఉంటే కోపగించుకునేదాన్ని, ఏడ్చేదాన్ని, చివరికి జవాబు చెప్పేదాన్ని. మీరు అడగలేదు. మంచం పట్టిన తల్లిని అడ్డం పెట్టుకొని చూశారు. ఆ చూపును నేను ప్రేమ అనుకొని దుమ్ము తుడిచాను. మీరు చూసినదానికంటే ఇదే నాకు మింగుడు పడడం లేదు.

మీకు చెప్పవలసింది ఒకటి ఉంది. ఆదివారం నుంచి అన్నీ తెలిసే ఆ తలుపు ముందు తిరుగుతున్నాను. వైరు పీకలేదు. మీకు అనుమానం రాకుండా వేళకు బడికి పోయాను, వేళకు వచ్చాను. నిన్న సాయంత్రం గడప మీద నిలబడి కూరగాయలామెతో బేరమాడి నవ్వాను కూడా. అది మీకు చూపించడానికి నవ్వినదే. మందమర్రిలోని మా అన్న సదయ్యకు కబురు చేసుకోవడానికి, బట్టలు సర్దుకోవడానికి నాకు ఆ మాత్రం వ్యవధి కావలసి వచ్చింది. ఈ ఉత్తరం వంటింట్లో పీట మీద కూర్చొని రాస్తున్నాను. ఇక్కడికి మీ చూపు రాదు.

నేను ఒక్కదాన్నే పోదామనుకున్నాను. అత్తమ్మను సంపత్ చూసుకుంటాడని చెప్పాను. ఆమె కర్ర అందుకొని లేచి కూర్చుంది. “వాడు నన్నేం సూస్తడే? డబ్బాల సూస్తడు. నా చీరెలు గూడ మూట గట్టు” అంది.

శుక్రవారం, మందమర్రి.

పోస్టు చేసే ముందు మిగిలింది రాస్తున్నాను. హర్షిణికి నేనే చెప్తాను, మీరు తొందరపడి ఫోన్ చేయకండి. తాళం చెవి సుగ్రా బీ దగ్గర ఉంది. కంప్యూటర్ నేను ఆపలేదు. నిన్నంతా మీకు మూసిన తలుపు కనబడి ఉంటుంది.

గురువారం పొద్దున, ఫస్టు షిఫ్టు వాళ్ళు డ్యూటీకి పోయాక, వంటింటి తలుపు నుంచి నేను, అత్తమ్మ వెళ్ళిపోయాం.

ఇట్లు,
పోశవ్వ కోడలు,
దీప